మోత ఆపే చెయ్యి

బజర్ మోగింది. కుర్రాళ్లంతా రాకెట్ అని పిలిచేవాడి చెయ్యి కదిలింది. బజర్ ఆగింది.

"ఒకటి పాయింట్ ఏడు!" పంతులమ్మ స్టాప్‌వాచీని అందరికీ తిప్పి చూపించింది. "ఇప్పుడు చెప్పు. ఏ దీపం?"

"మూడోది మేడం. ఆయిల్ తక్కువ."

బెంచీల మీదున్న పదిమందీ చప్పట్లు కొట్టారు. "అది చెయ్యి కాదురా, కప్ప నాలుక," అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. రాకెట్ కాలరు ఎగరేశాడు. పంతులమ్మ బోర్డు మీద పాత రికార్డు చెరిపి కొత్తది రాసింది.

ఆ రోజు అందరూ నవ్వారు. వాళ్లు నేర్చుకుంటున్నదేమిటో తెలియడానికి ఇంకా ఆరు వారాలుంది.

చేపలు శుభ్రం చేసి, గడ్డకట్టించి, డబ్బాల్లో పెట్టి పంపే ఫ్యాక్టరీ అది. పనివాళ్లకి పని నేర్పి పై మెట్టు ఎక్కించడం ఆమె ఉద్యోగం. గుర్తింపు కార్డు మీద శిక్షణాధికారి అని ఉంటుంది. పంతులమ్మ అని పేరు తగిలించింది మాత్రం సొంత అక్కే. అక్క అక్కడే ప్యాకింగ్ హాల్లో పదేళ్లుగా లైన్ లీడరు. చెల్లెలు డిప్లొమా చేసి వచ్చి చేరిన మొదటి రోజే అరవై మంది ఆడవాళ్ల ముందు చేతులు జోడించి, "పంతులమ్మ గారూ, చేపకి తల ఎటుంటుందో కాస్త నేర్పండమ్మా," అంది. హాలు హాలంతా విరగబడి నవ్వింది. పేరు అతుక్కుపోయింది.

ఆ ఫ్యాక్టరీకి ప్రాణం చలి. ఆ చలి అమ్మోనియా నుంచి వస్తుంది. మెషిన్ గదిలో బయల్దేరిన గ్యాసు చేతి లావు పైపుల్లో ప్యాకింగ్ హాలు ఫాల్స్ సీలింగ్ మీదుగా పోయి ఫ్రీజర్ గదులకి చేరుతుంది. పైపులో ఉన్నంతసేపూ దాని ఊసు ఎవరికీ పట్టదు. బయటికొస్తే కళ్లు, ముక్కు, గొంతు, ఎక్కడ తడి ఉంటే అక్కడ కాల్చేస్తుంది. చిక్కటి మబ్బులో ఒక్క నిండు ఊపిరి తీస్తే చాలు, రెండోది తీసే అవసరం రాదు.

ముప్ఫై ఏళ్లుగా ఆ మెషిన్ గదిని కాపు కాసింది ఒక్కడే మనిషి. ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయ్. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన కంప్రెసర్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, లోపల ఏం నలుగుతోందో చెప్పేవాడు. రిటైరై రెండేళ్లయినా పొమ్మనలేదు. "ఈయన చెవి తప్ప మనకింకేం లేదా?" అని మేనేజరుకి అనుమానం వచ్చింది. మూడు నెలల్లో మెషిన్ గది కుర్రాళ్లు పదకొండు మందీ ఒంటరిగా డ్యూటీ చెయ్యగలగాలి అని పంతులమ్మకి చెప్పాడు. పని రానివాడికి ఎర్ర కార్డు, సగం వచ్చినవాడికి పసుపు, ఒంటరిగా చెయ్యగలవాడికి ఆకుపచ్చ.

పంతులమ్మ ఒళ్లు దాచుకునే మనిషి కాదు. నిజం ప్యానెల్ మీద పాఠాలు చెబితే ఫ్యాక్టరీ ఆగుతుంది కాబట్టి, ఎలక్ట్రీషియన్ చేత పాత చెక్క మీద ఆరు దీపాలు, ఒక బజర్, దాన్ని ఆపే నల్ల బటన్ పెట్టించి అచ్చు అలాంటిదే చేయించింది. క్లాసు మొదలైన రెండో రోజే గోడ అవతల ఎకౌంట్స్ గదిలోంచి గుమాస్తా ఊడిపడ్డాడు. "మేడం, మీ కాకి అరుపుకి నా తల బద్దలైపోతోంది. మీరు కుర్రాళ్లకి నేర్పుతున్నారా, నన్ను పంపించేస్తున్నారా?"

అది అట్టముక్క గోడ. ఆయన బాధా నిజమే. అందుకని పంతులమ్మ ఒక నియమం పెట్టింది. ముందు మోత ఆపాలి. తర్వాత దీపం చూడాలి. తర్వాత నోటితో చెప్పాలి. మోత ఎంత తొందరగా ఆపితే అంత మంచిది. కుర్రాళ్లు పందెం కట్టారు. పందెం చూసి ఆమె స్టాప్‌వాచీ తెచ్చింది. నాలుగు సెకన్లు మూడైంది, మూడు రెండైంది.

కార్డులు ఒక్కొక్కటే ఆకుపచ్చకి మారాయి. పదకొండోది మారిన శనివారం బాబాయ్‌కి శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపించేశారు.

* * *

ఆ తర్వాత రెండో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి పంతులమ్మ కంట్రోల్ గదికి వెళ్లింది. నోటీసు బోర్డులో పెట్టడానికి రాకెట్ ఫొటో కావాలి. రాకెట్ తల దువ్వుకుని సిద్ధంగా ఉన్నాడు.

"కాస్త ఇటు తిరుగు. ప్యానెల్ కనబడాలి."

"మేడం, ఫొటో ఇంటికి కూడా పంపిస్తారా? మా అమ్మ నేనిక్కడ చేపలు తోముతున్నానని అనుకుంటోంది."

"పంపిస్తాలే. నవ్వు."

బజర్ మోగింది. రాకెట్ చెయ్యి వెనక్కి వెళ్లి నల్ల బటన్ నొక్కి ముందుకొచ్చింది. మోత ఆగింది. అతని మొహం మీద నవ్వు చెక్కుచెదరలేదు.

పంతులమ్మ ఫోను దించింది.

"ఏ దీపం?"

"ఏంటి మేడం?"

"ఇప్పుడు మోగింది కదా. ఏ దీపం?"

"మోగిందా?"

అతను నటించడం లేదు. ఆమె మొహంలో ఏం కనబడిందో గాని, రాకెట్ నవ్వు ఆపి ప్యానెల్ వైపు తిరిగాడు. నాలుగో దీపం వెలుగుతోంది. నాలుగోది హాలు సీలింగ్ పైన గ్యాసు ఉందని చెప్పే దీపం.

ప్యానెల్ పక్కన చిన్న ప్రింటరుంది. ఏ దీపం ఎప్పుడు వెలిగింది, మోత ఎప్పుడు ఆగింది అన్నది బస్సు టికెట్టంత సన్న కాగితం మీద తనంతట తానే అచ్చు వేస్తూ ఉంటుంది. కాగితం చుట్ట నేల మీదికి జారి పడి ఉంది. పంతులమ్మ దాన్ని తీసి చదివింది.

పోయిన వారం శనివారం, నాలుగో దీపం, రెండుసార్లు. సోమవారం మూడు. బుధవారం ఏడు. నిన్న పద్నాలుగు. ఇవాళ పొద్దుటి నుంచి పదహారు. అన్నిట్లోనూ మోత ఆగడానికి పట్టిన సమయం రెండు సెకన్ల లోపే. ఒక్కొక్క లైనూ ఒక్కొక్క షిఫ్టు. పదకొండు మందిలో ఎవరూ తక్కువ తినలేదు. డ్యూటీ రిజిస్టరులో మాత్రం పదమూడు రోజులుగా ఒకే మాట. అంతా బాగుంది.

ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈ కాగితం మీదున్నవి తప్పులు కావు. తను దిద్దించిన పాఠాలు.

"ఈ బటన్ నొక్కితే హాల్లో సైరన్ కూడా ఆగుతుందా?"

"ఆగుతుంది మేడం. రెండూ ఒకే వైరు మీద ఉన్నాయి." రాకెట్ గొంతు చిన్నదైంది. "నేను చూడలేదు మేడం. ఒట్టు. చెయ్యి దానంతటదే పోయింది."

* * *

మేనేజరు కాగితం చుట్టని బల్ల మీద ఒక వేలితో జరిపాడు.

"సెన్సరు పాడైంది. తేమ పడితే అవి ఇలాగే కూస్తాయి."

"తేమ రోజురోజుకీ పెరగదు కదా సార్. లైన్లు ఆపి హాలు ఖాళీ చేయించండి. అరవై ముగ్గురున్నారు."

"వాసన వస్తోందా?"

"రాదు సార్. ఆ గ్యాసు గాలికన్నా తేలిక. సీలింగ్ పైనే పోగవుతుంది. అది కిందికి వచ్చి వాసన తగిలేసరికి..."

"మూడింటికి మన సరుకు కొనేవాళ్లు వస్తున్నారు." ఆయన గొంతు పెంచలేదు. "మొట్టమొదట వాళ్లకి చూపించబోయేది మీ బోర్డే. పదకొండు ఆకుపచ్చ కార్డులు. ఇప్పుడు అవన్నీ ఉత్తుత్తివని చెప్పమంటారా? మీ సంతకాలే కదా వాటి మీద?"

"నా సంతకాలే. అందుకే చెబుతున్నా."

"రేపు మెకానిక్‌ని పిలిపిస్తాను. వెళ్లి భోంచెయ్యండి. మొహం చూస్తే నీరసంగా ఉన్నారు."

బయటికొస్తూనే ఆమె బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"అమ్మాయ్! గుర్తొచ్చానా? మీరిచ్చిన గడియారం పది నిమిషాలు వెనక నడుస్తోంది, అది చెబుదామనే..."

"బాబాయ్, హాలు సీలింగ్ పైన గ్యాసు లీకవుతోంది. ఎక్కడయ్యుంటుంది?"

అవతల నవ్వు తెగిపోయింది. "ఎన్నాళ్ల నుంచి?"

"మీరు వెళ్లిన వారం తర్వాత మొదలైంది."

"ఇవాళ శుక్రవారం కదూ? అంటే రెండు శుక్రవారాలు పోయాయి." ఆయన తనలో తను లెక్కవేసుకుంటున్నట్టు మాట్లాడాడు. "సీలింగ్ పైన పైపుకి పాత వాల్వు ఒకటుంది. దాని మెడ దగ్గర నట్టు రోజూ వెంట్రుకవాసి వదులవుతుంది. మార్చమని పన్నెండేళ్లుగా మొత్తుకున్నాను. మార్చరు. అందుకని ప్రతి శుక్రవారం పైకెక్కి పావు తిప్పు బిగిస్తాను. అదేం పెద్ద పని కాదు, రెండు నిమిషాలు."

"మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్? గంటసేపు కూర్చుని అన్నీ రాసుకున్నాను కదా!"

"నీ ఫారంలో రోజూ చేసే పని అడిగావు. నెలకోసారి చేసే పని అడిగావు. రెండూ చెప్పాను. వారానికోసారి చేసేది నువ్వడగలేదు తల్లీ. చదువుకున్న పిల్లవి, అడగలేదంటే అక్కర్లేదేమోలే అనుకున్నా." ఆయన ఊపిరి బలంగా వినబడింది. "ఇప్పుడు ఎవర్నీ పైకెక్కించకు. ఆ నట్టు ఊడిందంటే గ్యాసు కుండపోతగా దిగుతుంది. ముందు ఆడవాళ్లని బయటికి పంపు. నేను బస్సెక్కుతున్నా, గంట పడుతుంది."

గంట. ఆమె పరిగెత్తింది.

* * *

హాల్లో ఎప్పటిలాగే నీళ్ల చప్పుడు, కత్తుల చప్పుడు, వాటి మీదుగా అక్క గొంతు. నీలం టోపీలు, తెల్ల చేతి తొడుగులు, స్టీలు బల్లల మీద వరసగా చేపలు. తలెత్తి చూస్తే తెల్లటి సీలింగ్ పలకలు. మధ్య వరసలో ఒక పలక అంచున పసుపు మరక. నిన్న అది అక్కడ లేదు.

గుమ్మం పక్కన గోడకి ఎర్ర పెట్టె ఉంది. పంతులమ్మ అద్దం పగలగొట్టి మీట లాగింది.

సైరన్ మోగింది. ఆగింది.

రెండు మూడు తలలు లేచాయి. మళ్లీ వంగాయి. ఆమె మళ్లీ లాగింది. మోగింది. ఆగింది.

"ఏమే, ఇవాళ రెండు క్లాసులా?" అక్క కత్తి ఆపకుండానే అరిచింది. "ఏయ్ అమ్మాయిలూ, పంతులమ్మ గారికి పాఠం అప్పజెప్పండి!"

పంతులమ్మ ప్రతి షిఫ్టుకీ నేర్పిన సైరన్ పాఠాన్ని అరవై గొంతులు బళ్లో పిల్లల్లా రాగం తీశాయి. "సైరన్ ఆగకుండా మోగితే... ఎక్కడున్నవాళ్లు అక్కడి తలుపు తీసుకుని... బయటికి పరిగెత్తాలి... ఏమీ ఆలోచించకూడదు!"

నవ్వులు. సైరన్ మోగి ఆగిపోవడం ఈ వారం రోజుల్లో వాళ్లకి అలవాటైపోయింది. ఆగిపోయే సైరన్‌కి కదలనక్కర్లేదని వాళ్లు కూడా నేర్చుకున్నారు.

ఆమె కంట్రోల్ గదికి ఫోన్ చేసింది. "రాకెట్, ఎవరు నొక్కుతున్నారు?"

"నేనే మేడం. మోగుతోంది, ఆపుతున్నా. కాని ఈసారి దీపం చూశాను మేడం! రెండుసార్లూ చూశాను!"

"రెండు చేతులూ జేబుల్లో పెట్టుకో."

"ఏంటి?"

"జేబుల్లో పెట్టుకో. ఇప్పుడు మోగుతుంది. నేను చెప్పేదాకా, మేనేజరు వచ్చి నీ మెడ పట్టుకున్నా సరే, చేతులు బయటికి తియ్యకు. పెట్టావా?"

"పెట్టాను మేడం."

మూడోసారి మీట లాగింది.

సైరన్ మోగింది. రెండు సెకన్లు. మూడు. నాలుగు. ఎవరూ పట్టించుకోలేదు. ఆరో సెకనుకి ఒక కత్తి ఆగింది. పదో సెకనుకి నీళ్ల కుళాయి ఆగింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతసేపు మోగితే ఎలా ఉంటుందో ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

అక్క చెల్లెలి వైపు చూసింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మొహం. నోట్లో జోకు నోట్లోనే ఆగిపోయింది.

"నిజమేనా?"

పంతులమ్మ తల ఊపింది.

అక్క బల్ల మీద కత్తి పిడితో దబదబా బాదింది. "లేవండే! సామాన్లు వదిలేసి లేవండి! తోసుకోకుండా పోండి, పెద్దావిడ చెయ్యి పట్టుకో! నీ లంచ్ డబ్బా తగలెయ్య, దాన్ని వదులు!" నీలం టోపీలు గుమ్మం వైపు కదిలాయి. పంతులమ్మ తలుపు పట్టుకుని ఒక్కొక్కరినే భుజం తట్టి బయటికి తోస్తోంది. సగం హాలు ఖాళీ అయింది. ముప్పాతిక అయింది. చివరి వరస గుమ్మం దాటింది.

అక్క రాలేదు.

"మీ అక్క ఫ్రీజర్లోకి వెళ్లింది," అంది చివరగా వచ్చినామె. "అక్కడ ఇద్దరున్నారు కదా. చెవుల మీదికి ఉన్ని టోపీలు దించుకుంటారు, వాళ్లకి సైరన్ వినబడదు."

అప్పుడు సీలింగ్ మధ్యలో పసుపు మరకున్న పలక ఊడి బల్ల మీద పడింది. దాని వెనకే తెల్లటి మబ్బు దిగింది. గ్యాసు పైకి పోయేదే గాని, అంత చలిలో అంత వేగంగా బయటపడితే పొగమంచులా కిందికే పొర్లుతుంది. బల్లలు కనబడడం మానేశాయి.

* * *

ఆమె గేటు వైపు పరిగెత్తలేదు. కుళాయి కింద తువ్వాలు తడిపి ముక్కుకి చుట్టుకుని, పక్క వసారా నుంచి ఫ్రీజర్ల నడవలోకి వెళ్లింది. మబ్బు అక్కడికి ఇంకా పలచగానే వచ్చింది. అయినా కళ్లలో కారం చల్లినట్టయింది. నడుము వంచి, గోడ తడుముకుంటూ నడుస్తూ, రాకెట్‌కి ఫోన్ కలిపింది.

"రాకెట్, ఏడో వాల్వు మూసెయ్."

అవతల మెషిన్ గది తలుపు తెరుచుకున్న చప్పుడు, దాని వెనకే కంప్రెసర్ల హోరు.

"వినబడుతోందా? హాలు లైనుకి గ్యాసు ఆపేది ఏడోదే కదా. చార్టులో రోజూ చూపించేవాడివి!"

"చార్టులో తెలుసు మేడం." అతని గొంతు ఏడుపుకి దగ్గరగా ఉంది. "పైన కుడి మూల గుండ్రం. ఇక్కడ ఎక్కడుందో తెలీదు. ఇక్కడన్నీ పైపులే."

ఆకుపచ్చ కార్డు అతని చొక్కా మీదే ఉండి ఉంటుంది.

"బాబాయ్‌కి ఫోన్ చెయ్యి. ఆయనేం చెబితే అది చెయ్యి. సిగ్గుపడకు. తెలీదని చెప్పు. మొదట ఆ మాటే చెప్పు."

ఫ్రీజర్ తలుపు జానెడు మందం. మధ్యలో పళ్లెమంత గుండ్రటి అద్దం. ఆ అద్దంలో అక్క మొహం కనబడింది. ఆమె వెనక చలికోట్లు, ఉన్ని టోపీల్లో మరో ఇద్దరు. అక్క చెయ్యి లోపలి మీట మీద ఉంది.

పంతులమ్మకి ఆ క్షణంలో అర్థమైంది. గ్యాసు లోపలికి చొరబడనంత బిగువైన తలుపు ఆ ఫ్యాక్టరీలో ఉన్నది ఇదొక్కటే. లోపల చలి. ఆ రెండు కోట్లూ ముగ్గురూ పంచుకున్నా అరగంట బతికుంటారు. బయట నడవలో మబ్బు గుమ్మం ఎత్తుకి లేచింది. నడవ పొడవు ఇరవై గజాలు. అందులో పరిగెత్తుతూ నిండా ఊపిరి తీస్తే మధ్యలోనే కూలిపోతారు. లోపల ఉండడమే బతకడం. అక్క మాత్రం తలుపు తియ్యబోతోంది. ఎక్కడున్నవాళ్లు అక్కడి తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాలి. ఏమీ ఆలోచించకూడదు. క్లాసులో అందరికన్నా బాగా నేర్చుకున్నది అక్కే.

"వద్దు! తియ్యకు!"

జానెడు మందం తలుపులోంచి మాట పోదు. పంతులమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. అక్క దాన్ని రమ్మనడం అనుకుందో, తొందరపెట్టడం అనుకుందో, మీట కిందికి దిగింది. తలుపు అంచు వేలెడు వెడల్పున తెరుచుకుంది.

పంతులమ్మ వీపుతో తలుపుని గుద్దింది. తలుపు మూసుకుంది. నేల మీద చతికిలబడి, తడి తువ్వాలులోంచి కొంచెం కొంచెంగా ఊపిరి తీస్తూ, వీపు తలుపుకి ఆనించి, రెండు పాదాలూ ఎదుటి గోడకి తన్నిపట్టింది. నడవ ఇరుకు కావడం ఆమెకి పనికొచ్చింది.

వెనక నుంచి తోపు మొదలైంది.

ముందు ఒక్క మనిషి బలం. తర్వాత ముగ్గురిది. తలుపు వెన్నెముకలోకి దిగుతోంది. లోపల పిడికిళ్ల దెబ్బలు వీపులో తెలుస్తున్నాయి. అక్క అరుస్తోందని తెలుస్తోంది, మాటలు తెలియడం లేదు. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని కాళ్లతో తోసుకునేవాళ్లు. అప్పుడెప్పుడూ అక్కని గెలవలేదు. ఇప్పుడు ఓడితే ముగ్గురు చస్తారు.

తువ్వాలులో తడి ఆరిపోతోంది. కళ్లు మూసుకున్నా మంట ఆగడం లేదు. చేతిలో ఫోను ఇంకా తెరిచే ఉంది. రాకెట్ ఆ ఫోను కిందపెట్టి పక్కవాడి ఫోనులో మాట్లాడుతున్నట్టున్నాడు. దూరంగా వినబడుతోంది.

"నాకు తెలీదు బాబాయ్. ఏమీ తెలీదు. చెప్పండి." పరిగెత్తుతున్న బూట్ల చప్పుడు. "నిచ్చెన వెనకా? ఆ. రెండు పైపులున్నాయి... చేత్తో ముట్టుకోవాలా?... ఒకటి చల్లగా ఉంది, ఒకటి మంచు కట్టింది... మంచు కట్టిందేనా? సరే. చక్రం కనబడింది. ఎటు తిప్పాలి?... రావడం లేదు బాబాయ్! తుప్పు పట్టేసింది!... ఆ, రాడ్డు ఉంది. దూర్చాను. కదిలింది. కదిలింది బాబాయ్!"

తలుపు మీద తోపు ఒక్కసారిగా ఆగిపోయింది.

అర్థమై ఆగారో, ఆ వేలెడు సందులోంచి దూరిన గ్యాసుకి పడిపోయారో ఆమెకి తెలియలేదు. తలుపు తీస్తే తప్ప తెలుసుకోలేదు. తియ్యడానికి వీల్లేదు. కాళ్లు గోడ మీదే ఉంచి కూర్చుంది. ఎంతసేపో. తువ్వాలు కింద పెదాలు పగిలి రక్తం ఉప్పగా తగిలింది.

ఫోనులోంచి రాకెట్ గొంతు. "మేడం, మూసేశాను. బిగుసుకుపోయేదాకా తిప్పాను. బాబాయ్ ఫ్యాన్లు వెయ్యమన్నారు, వేశాను. మేడం? ఉన్నారా?"

నడవ చివర పెద్ద ఫ్యాన్లు తిరిగాయి. మబ్బు ఒక పక్కకి ఒరిగి, పలచబడి, చినిగిపోయింది. ఎదుటి గోడ మీద తన బూట్ల అచ్చులు కనబడేదాకా ఆగింది. అప్పుడు లేచి, మీట పట్టుకుని తలుపు లాగింది.

ముగ్గురూ నేల మీద ఒకరినొకరు కావలించుకుని ఉన్నారు. కనురెప్పల మీద మంచు. ఒకామె దగ్గుతోంది. మరొకామె ఏడుస్తోంది. అక్క తలెత్తి చూసింది. ఆ చూపు చూసి పంతులమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. సొంత చెల్లెలు తలుపు మూసి పట్టుకోవడం అక్క ఆ అద్దంలోంచి కళ్లారా చూసింది.

తర్వాత చెల్లెలి కళ్లు చూసింది. అవి చింతనిప్పుల్లా ఉన్నాయి. మెడ మీద చర్మం ఎర్రగా పొంగింది.

"బయట ఏముందే?" అక్క గొంతు గరగరలాడింది.

"గ్యాసు. ఈ నడవంతా. మీరు వచ్చుంటే..."

"పరిగెత్తమని చెప్పింది నువ్వే కదా? ఆలోచించొద్దని కూడా చెప్పావు కదా?"

"నేనే చెప్పాను. తప్పు చెప్పాను."

అక్క గోడ పట్టుకుని లేచింది. తిడుతుందనుకుంది పంతులమ్మ. కొడుతుందనుకుంది. అక్క ఆ రెండూ చెయ్యలేదు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి బరువంతా ఆనించి, చెవి దగ్గర అడిగింది.

"ఇంకెవరెవరికి నేర్పావే?"

వెనక వాకిలి తెరిచి ఉంది. అక్కడి నుంచి గేటు కనబడుతుంది. రెండింటి షిఫ్టు బస్సు అప్పుడే లోపలికి తిరుగుతోంది. బస్సు నిండా నీలం టోపీలు. వాళ్లందరికీ నిన్ననే క్లాసు అయింది. గేటు లోపల మేనేజరు నిలబడి, మబ్బు విడిపోయింది కదా, కొనేవాళ్లు వచ్చేలోగా పని మొదలవ్వాలన్నట్టు, బస్సుని హాలు వైపు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. హాలు పైపులో మిగిలిన గ్యాసు ఇంకా సీలింగ్ పైనే ఉంది.

పంతులమ్మ అక్కని వాకిట్లో కూర్చోబెట్టి, కనీ కనబడని కళ్లతో ఆ బస్సుకి ఎదురుగా పరిగెత్తింది.